ప్రభుత్వ భూమిలో మొలిచిన మత్తు పుట్టగొడుగులను ఏరితే కేసు అవుతుందా?

ప్రశ్న (డిగ్రీ అధ్యాపకుడు, ప్రొద్దుటూరు):
మా విద్యార్థులు కొందరు వానాకాలంలో లంకమల వైపు కొండలెక్కడానికి వెళ్తుంటారు. బెంగళూరులో చదువుతున్న వారి మిత్రుడొకడు ఈసారి మ్యాజిక్ మష్రూమ్స్ వెతుకుదామని అన్నాడట. పుట్టగొడుగు ఎవరూ సాగు చేసిన పంట కాదు, పోరంబోకు ఎవరి సొత్తూ కాదు, పైగా 2025లో కేరళ హైకోర్టు అవి మత్తుపదార్థమే కాదని తేల్చింది అన్నది అతని వాదన. నేను వద్దన్నాను గానీ, చట్టపరంగా ఎందుకు వద్దో వివరించలేకపోయాను. ఏరడమే నేరమా, తింటేనే నేరమా? మేత బీడుకూ రిజర్వు అడవికీ తేడా ఉంటుందా?

జవాబు 1 (న్యాయవాది, కర్నూలు):
అధ్యాపకుల వారికి నమస్కారం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల నిరోధక) చట్టానికి ఆ వస్తువు ఎవరి భూమిలో మొలిచిందన్నది ముఖ్యం కాదు, ఎవరి దగ్గర దొరికిందన్నదే ముఖ్యం. పుట్టగొడుగు పేరు ఆ చట్టం షెడ్యూలులో, అంటే నిషిద్ధ పదార్థాల జాబితాలో లేదు. అందులో ఉండే సైలోసిబిన్, సైలోసిన్ అనే రసాయనాల పేర్లు ఉన్నాయి. సెక్షన్ 8(సి) ప్రకారం వాటిని కలిగి ఉండటం, రవాణా చేయడం, సేవించడం మూడూ నిషిద్ధమే. కాబట్టి తుంచి సంచిలో వేసుకుంటే చాలు, తినకపోయినా కేసు పెట్టవచ్చు. తెలియక ఏరామని చెబితే సరిపోదు. సెక్షన్ 35 ప్రకారం ఆ సంగతి రుజువు చేసుకోవలసిన భారం నిందితుడిదే.

ఇక కేరళ ఉత్తర్వు. చాలామంది శీర్షిక మాత్రమే చదివి వదిలేశారు. అది బెయిల్ ఉత్తర్వు. అక్కడ 226 గ్రాముల పుట్టగొడుగులు పట్టుబడ్డాయి. ఈ చట్టం కింద శిక్ష పట్టుబడిన పరిమాణాన్ని బట్టి ఉంటుంది; సైలోసిబిన్‌కు స్వల్ప పరిమాణం 2 గ్రాములు, వాణిజ్య పరిమాణం 50 గ్రాములు. మిశ్రమాలలో కలిసిన ఇతర పదార్థంతో సహా మొత్తం బరువును లెక్కించాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, 226 గ్రాములూ లెక్కలోకి వస్తాయని ప్రాసిక్యూషన్ వాదించింది. పుట్టగొడుగు సహజంగా పెరిగే శిలీంధ్రమే తప్ప మిశ్రమం కాదు కనుక ఆ లెక్క దీనికి వర్తించదని కేరళ హైకోర్టు అంది. అంటే బరువును ఎలా తూచాలన్న విషయమే మారింది గానీ, నేరం నేరంగానే ఉంది. స్వల్ప పరిమాణమైనా సెక్షన్ 22 కింద ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు. స్వల్పానికి మించి వాణిజ్య పరిమాణానికి లోపలైతే పదేళ్ల వరకు. పైగా మరో రాష్ట్రపు హైకోర్టు తీర్పును మన కోర్టులో వాదనకు ఆధారంగా చూపించుకోవచ్చు గానీ, ఆంధ్రప్రదేశ్ కోర్టులు దానికి కట్టుబడి ఉండవలసిన పనిలేదు. ఫోరెన్సిక్ నివేదిక వచ్చేదాకా అందులో రసాయనం ఎంతుందో ఎవరూ చెప్పలేరు; ఆలోగా రిమాండులో ఉండవలసింది మాత్రం ఆ పిల్లలే.

జవాబు 2 (విశ్రాంత అటవీ ఉద్యోగి, బద్వేలు):
న్యాయవాది గారు చెప్పినదానికి అడవి సంగతి ఒకటి చేరుస్తాను. లంకమల్లేశ్వరం అభయారణ్యం కలివికోడి అనే అరుదైన పక్షి కోసం ఏర్పాటైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టడమే నేరం. లోపలి నుంచి అటవీ ఉత్పత్తిని తీసుకురావడం మరో నేరం. 2022 సవరణ తర్వాత వీటికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తెచ్చినది చివరికి కూర వండుకునే మామూలు పుట్టగొడుగని తేలినా ఈ కేసు పోదు. నల్లమలలో పెద్దపులుల కోర్ ప్రాంతమైతే కనీస శిక్షే మూడేళ్లు. అభయారణ్యం కాని రిజర్వు అడవికి 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ఉంది. మన జిల్లాలో ఎర్రచందనం కారణంగా రాత్రిపూట నిఘా గట్టిగా ఉంటుంది. చీకట్లో టార్చిలైట్లతో తిరిగే కుర్రవాళ్లను సిబ్బంది మొదట దుంగల కోసం వచ్చినవారిగానే చూస్తారు. సంచులు సోదా చేసేదీ అప్పుడే.

జవాబు 3 (అనంతపురం పాఠకురాలు):
అయితే వర్షాలకు పుట్టల దగ్గర మొలిచినవి ఏరుకొచ్చి రోడ్డు పక్కన అమ్ముకునే మా ఊరి ఆడవాళ్లకూ ఈ భయం ఉన్నట్టేనా?

జవాబు 4 (న్యాయవాది, కర్నూలు):
లేదమ్మా. వారు అమ్మేవి తినే రకాలు, వాటిలో ఈ రసాయనాలు ఉండవు. కాబట్టి ఎన్‌డీపీఎస్ ఊసే రాదు; బీడు భూముల్లో ఏరుకున్నంత వరకు అటవీ కేసూ ఉండదు. బీడుకూ అడవికీ తేడా అంతే: బీడులో అటవీ చట్టాలు వర్తించవు, మత్తు పదార్థాల చట్టం మాత్రం ఎక్కడైనా ఒకటే.

అధ్యాపకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ మిత్రుడు వాళ్ల నాన్నగారి కారులో వస్తున్నాడట. తాము ఏమీ ఏరకుండా తోడుగా మాత్రమే వెళ్తామని మా పిల్లలు అంటున్నారు.

న్యాయవాది, కర్నూలు:
కారులో సరుకు దొరికితే, అది ఉందని తెలిసి ప్రయాణించిన ప్రతి ఒక్కరి మీదా అనుమానం వస్తుంది. ఎవరి సంచో విచారణలో తేలాలి. సెక్షన్ 60 కింద వాహనాన్ని కూడా జప్తు చేయవచ్చు. తనకు తెలియకుండా, తగిన జాగ్రత్తలు తీసుకున్నా అలా జరిగిందని యజమాని నిరూపించుకుంటేనే అది తిరిగి చేతికి వస్తుంది. ఆ అబ్బాయి తండ్రిగారికి ఈ సంగతి ముందుగా తెలియజేయండి.