పులసా, విలసా? చూసి ఎలా పట్టాలి?

గోదావరి జిల్లాల వాళ్లు కాస్త చెప్పండి. మొన్న గోదావరికి వరద ఎర్రనీళ్లు వచ్చాక ఒకాయన యానాం పులస అని చెప్పి చేప అంటగట్టాడు. కిలో కూడా లేదు, మూడు వేలు! పుస్తెలమ్మైనా తినాలంటారు కదా అని కొనేశా. మా అత్తయ్యగారు మొప్పలు ఎత్తి చూసి, పొట్ట కింద రంపంలా ఉన్న అంచు మీద వేలు పెట్టి, "ఇది ఏరు ఎక్కలేదమ్మా, విలస" అనేశారు. పులుసు బాగానే కుదిరింది, ముళ్లు ఏరుకోవడానికే గంట పట్టింది. డబ్బులు తలుచుకుంటే మాత్రం ఇంకా కడుపుమంటే.

జాతి ఒకటేనని తెలుసు. హెర్రింగ్ అనే సముద్రపు చేపకి చుట్టమే, సముద్రంలో ఉంటే విలస, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే పులస. మరి రంపపు అంచు రెండింటికీ ఉంటుందిగా, ఆవిడ దేన్ని బట్టి చెప్పారు? పొలుసు రంగా, కొవ్వా, వాసనా? అడిగితే "చూస్తే తెలుస్తుంది" అంటారు, అంతే. కోయకముందే బజార్లో పట్టుకునే గుర్తు కావాలి నాకు.

ఇంకోటి, పేరు సంగతి. బెంగాలీలు దీన్నే ఇలిష్ అంటారు, బంగ్లాదేశ్‌కి జాతీయ చేప. సింధ్‌లో పల్లా. విలస, ఇలిష్ ఒకే మాటలా వినిపిస్తున్నాయి. మరి పులస ఎక్కడిది? పులుసు నుంచే వచ్చిందంటారు మావారు. ఆయన తిండి ధ్యాస తెలుసు కాబట్టి నేను నమ్మట్లేదు. పాత నిఘంటువులు తిరగేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?