కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా: పొగడ్తా, తెగడ్తా?

విజయనగరం నుంచి అడిగినది:

పెద్దలందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక తగువు తెగట్లేదు, మీరే తీర్చాలి. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ కదా, ముందురోజు తొలేళ్ళ నాటికే చుట్టాలు దిగిపోతారు. ఈసారి రాత్రి భోజనాల బల్ల నేను సర్దుతానంది మా మేనకోడలు. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ విందుకి బల్లమీద రాగి రంగు కొవ్వొత్తి స్టాండ్లు, బంగారు రంగు కొట్టిన గుమ్మడికాయలు పెడతారట. వాటిని మెటాలిక్ యాక్సెంట్స్ అంటారట. ఆ ఫొటోలు చూపించి, "రంగులు కొట్టడం దేనికత్తా, మన అటకమీద అసలైనవే ఉన్నాయి కదా" అని మా అత్తగారి నాటి కంచు గిన్నెలు, ఇత్తడి చెంబులు దింపించింది. చెంబుల్లో బంతిపూలు, మధ్యన తాంబాళంలో నీళ్ళు పోసి దీపాలు. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంది.

తగువు దీపాల దగ్గర కాదు, వాటి పక్కన నిలబెట్టిన అట్టముక్క దగ్గర. దానిమీద "కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా" అని రాసింది. మా ఆయన చూసి, "అది తిట్టే అమ్మీ, మన సామాన్లని మనమే తిట్టుకోవడమేటి?" అన్నారు. "బంగారం మోగుతుందా మావయ్యా? మోగదు. కంచు మోగుతుంది. మరి పొగిడినట్టే కదా" అని ఇది. ఎవరిది రైటు?

బొబ్బిలి నుంచి:

మీవారిదే. పద్యం మొత్తం చదవండి.

అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు పల్కు చల్లగాను
కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినురవేమ

కంచు అల్పుడు, కనకం సజ్జనుడు. మూడో తరగతి పిల్లాడిని అడిగినా చెప్తాడు. ఇందులో చర్చేముంది?

నరసన్నపేట నుంచి:

చర్చ ఉంది మాస్టారూ. పద్యం మొత్తానికి మీరు చెప్పిన అర్థమే, కాదనను. కానీ ఆ అమ్మాయి పద్యం రాయలేదు, మూడో పాదం ఒక్కటే రాసింది. ఆ పాదంలో నింద ఎక్కడుందో వెతకండి. "మ్రోగునా" అంటే మోగదు అనే. మోగలేకపోవడం లోపమో గుణమో ఆ పాదం చెప్పదు, పై రెండు పాదాలు చెప్తాయి. వాటిని కోసేస్తే పాదం ఇటు తిరిగి కంచు పక్షాన నిలబడుతుంది. సన్మాన సభలో వక్త గురించి ఈ పాదం చదివితే తన్నులు తినాల్సొస్తుంది కానీ, కంచు గిన్నెల పక్కన పెడితే ఇంతకంటే అతికే మాట నాకైతే తట్టడం లేదు.

ఇంకో సంగతి. ఆడంబరం అనగానే ఇప్పుడు మనకి కంటికి కనబడే హంగు తోస్తుంది: పెళ్ళి పందిరి, నగలు, ఈ బల్ల సర్దడాలూ. సంస్కృతంలో ఆడంబరం అంటే ఒక రకం భేరి, దాని పెద్ద చప్పుడు కూడా. "పల్కు నాడంబరముగాను" అన్నప్పుడే చెవికి భేరి వినబడుతోంది, తర్వాత కంచు మోగడం ఆ వరసలోదే. పద్యం పోల్చింది మోతని, మెరుపుని కాదు. కాబట్టి దీన్ని "మెరిసేదంతా బంగారం కాదు"తో కలిపేయకండి. అది ఇంగ్లీషు నుంచి దిగుమతైన సామెత. ఈ పద్యంలో వేమన కంచుని నకిలీ బంగారం అనలేదు.

అడిగినావిడే మళ్ళీ:

భలే చెప్పారండీ! మా ఆయనకి చూపించాను, ఏమీ అనలేదు. ఇంకో సందేహం. అమ్మవారు పైడితల్లి కదా, ఊరంతా పైడిరాజులూ పైడమ్మలే. పైడి అంటే బంగారమేగా. మన పండక్కి కలిసొచ్చేలా "పైడి మ్రోగునా" అని మార్చి రాస్తానంటోంది. కుదురుతుందా?

నరసన్నపేట నుంచి:

పైడి అంటే బంగారమే, పసిడికి ఇంకో రూపం. మన వైపు ఆ మాట పేర్లలో బతికిపోయింది, బంగారం కొట్టుకెళ్ళి పైడి కావాలని ఎవరూ అడగరు. కానీ పద్యంలో కుదరదు. ఇది ఆటవెలది. మూడో పాదంలో కంచు, మ్రోగి, నట్లు అని మూడు సూర్యగణాలు, తర్వాత కనకంబు, మ్రోగునా అని రెండు ఇంద్రగణాలు. పైడి అంటే గురువు, లఘువు. అది సూర్యగణమే అవుతుంది, ఇంద్రగణం చోట నిలబడదు. పుత్తడి పెడితే గణం సరిపోతుంది, యతి చెడుతుంది. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి కదా, కంచులో "కం"కి కనకంలో "క" జత. పుత్తడిలో "పు"కి అక్కడ పొత్తు లేదు. ఇంట్లో మాటల్లో ఎప్పుడూ అనని కనకం ఇక్కడికి ఊరికే రాలేదు.

సరవకోట వైపు నుంచి:

పద్యం సంగతి మీరు చూసుకోండి, సామాను సంగతి నాను చెప్తాను. మా మండలంలోనే బుడితి. కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కంచు కొనడానికెళ్తే ముందు చూసేది మెరుపు కాదండి, మోతే. గిన్నెని వేళ్ళ కొసలమీద నిలబెట్టీసి, అంచుమీద వేలిమడతతో ఒక్కటి కొట్టాలి. ఖంగుమని సాగితే మంచిది. టక్కుమని ఆగిపోయిందంటే ఎక్కడో పగులున్నట్టు, కంటికి కనబడకపోయినా సరే. అరచేత్తో పట్టుకుని కొడితే మాత్రం ఎంత మంచి గిన్నైనా మోగదు.

కంచంటే రాగిలో తగరం, నూటికి ఇరవై పైచిలుకు పడుతుంది. అందుకే గట్టిగా ఉంటాది, అందుకే మోగుతాది. గుడి గంటా అదే. గట్టిదే కానీ పెళుసు, చల్లగా ఉన్నప్పుడు సుత్తి దెబ్బేస్తే పగిలిపోద్ది, ఎర్రగా కాల్చి సాగగొట్టాల. ఇత్తడంటే రాగిలో జింకు. అది సుత్తికి లొంగుతాది. బంగారం మరీ మెత్తన, అదెలా మోగుతాది? మీ వేమన్న కంచరి కొలిమి దగ్గర కూకుని చూసినట్టే చెప్పాడు.

అమ్మకి ఒక మాట చెప్పండి. ఇత్తడి చెంబులో పువ్వులు పెట్టుకోమనండి, నీళ్ళు పెట్టుకోమనండి. కళాయి పూత లేని ఇత్తడి గిన్నెలో మాత్రం పులుసూ మజ్జిగా పోసీసి ఉంచొద్దు, కిలుం పడతాది. తోమడానికి చింతపండూ ముగ్గూ చాలు.

టెక్కలి నుంచి, ప్రస్తుతం కరీంనగర్:

ఇక్కడ దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అంటారు, పెద్దల కాళ్ళకి దండం పెడతారు. మీ బల్లమీద నాలుగు జమ్మి రెమ్మలు కూడా పడేయండి, కనకం తరఫున ఎవరో ఒకరు ఉండాలి కదా.

బొబ్బిలి నుంచి:

పాదం ఒంటరిగా నిలబడితే పొగడ్తే అవుతుందని ఒప్పుకుంటున్నాను. కానీ కోసి వాడుకోవడం న్యాయమా అని నా ప్రశ్న అలాగే ఉంది. సరే, అట్టమీద "మ్రోగినట్లు" అని రాశారు, ఇప్పుడు మ్రోగు అని ఎవరంటున్నారు? వచ్చిన పిల్లలు చదవలేక నవ్వుతారు.

నరసన్నపేట నుంచి:

ఆ క్రావడి తీసేసి "మోగినట్లు", "మోగునా" అని రాసినా గణాలు చెక్కుచెదరవు, యతి దాని జోలికే పోదు. పిల్లలకోసమైతే తీసేయమనండి. అట్ట నా ఇంట్లో ఉంటే మాత్రం తియ్యను.