కినీసియాలజీలో పీహెచ్‌డీ: తిరుపతిలోనే చేయాలా, బయటి దేశం పోవాలా, అసలు చేయాలా?

రేణిగుంట పీఈటీ:
అందరికీ నమస్తే. ఎంపీఎడ్ (వ్యాయామ విద్యలో పీజీ) అయి మూడేళ్లయింది. ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ టీచర్‌గా చేస్తున్నాను. ఎంపీఎడ్‌లో నాకు ప్రాణం పెట్టి చదవాలనిపించిన పేపరు ఒక్కటే, కినీసియాలజీ, బయోమెకానిక్స్. అంటే శరీరం ఎట్లా కదులుతుంది, ఆ కదలికలో ఏ బలాలు పనిచేస్తాయి అనే చదువు. పోయిన నెల మా తొమ్మిదో తరగతి పాప లాంగ్ జంప్ దూకి కింద కాలు మోపేటప్పుడు మోకాలు లోపలికి మడిచి పడిపోయింది. లిగమెంట్ పోయింది. అంతకు ముందు రెండు వారాలుగా ఆ మోకాలు లోపలికి వాలడం చూస్తూనే వచ్చాను, దాన్ని ఎట్లా సరిచేయాలో తెలియలేదు. అప్పటి నుంచి పీహెచ్‌డీ చేయాలని పట్టుదలగా ఉంది. నాన్నకు మామిడి తోట మీద అప్పుంది, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. అమెరికా పొమ్మని ఒకరు, ఇక్కడే చేయమని ఒకరు, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఉంటే చాలని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు?

చిత్తూరు పీడీ:
చెల్లెమ్మా, ఉద్యోగం కోసమైతే ముందు నెట్ రాయి. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి అని యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2018లో రూలు పెట్టింది. 2021 జులై నుంచి అమలన్నారు, 2023కి వాయిదా వేశారు, చివరికి 2023 జులైలో నెట్, లేదా రాష్ట్ర స్థాయి పరీక్షలు సెట్, స్లెట్‌లో ఏదో ఒకటి ఉంటే చాలన్నారు. ఐదారేళ్లు పోసి చదివాక రూలు మళ్లీ మారితే నీ పరిస్థితేంటి? కాలేజీలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) పోస్టుకైతే పీహెచ్‌డీ ఉన్నా గ్రౌండ్‌లో పరుగెత్తి చూపించాల్సిందే. ముప్పై ఏళ్ల లోపు ఆడవాళ్లు 8 నిమిషాల్లో 1000 మీటర్లు, మగవాళ్లు 12 నిమిషాల్లో 1800 మీటర్లు. నెట్ ఫిజికల్ ఎడ్యుకేషన్ సిలబస్‌లో నీకిష్టమైన కినీసియాలజీ కూడా ఉంది.

మదనపల్లె టు మిడ్‌వెస్ట్:
పీడీ అన్నా, మీరు చెప్పింది ఉద్యోగం లెక్క. ఆ అమ్మాయి అడిగింది చదువు గురించి. మన దగ్గర కినీసియాలజీ అంటే ఎంపీఎడ్‌లో, ఫిజియోథెరపీలో ఒక పేపరు. ఇక్కడ అమెరికాలో అది పూర్తి శాఖ. ఫిజికల్ ఎడ్యుకేషన్ ఆటలు నేర్పే పని మాత్రమే కాదు, సొంత విజ్ఞానం ఉన్న శాస్త్రం అని అమెరికా ప్రొఫెసర్ ఫ్రాంక్లిన్ హెన్రీ 1964లో రాశారు. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ 1967లోనే కినీసియాలజీ పేరుతో డిపార్ట్‌మెంట్ పెట్టింది. బయోమెకానిక్స్, మోటార్ కంట్రోల్ (మెదడు కదలికలను నడిపే తీరు), ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ (వ్యాయామంలో శరీరం పనిచేసే తీరు) అని విడివిడి దారులుంటాయి. నీ మోకాలి ప్రశ్న బయోమెకానిక్స్‌లోకి వస్తుంది.
ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. తోట తాకట్టు పెట్టి ఎంఎస్‌కి రావద్దు. పీహెచ్‌డీకి అసిస్టెంట్‌షిప్, అంటే యూనివర్సిటీలోనే బోధన లేదా పరిశోధన పని దొరికితే ఫీజు వాళ్లే కడతారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. అది లేకుండా అడ్మిషన్ ఒక్కటే వస్తే విమానం ఎక్కొద్దు. నీ ప్రశ్న మీదే పనిచేసే ప్రొఫెసర్‌కి ముందు మెయిల్ రాయి. లెక్కలు, స్టాటిస్టిక్స్ మళ్లీ పట్టుకో, ఇక్కడ నేను ఎక్కువ కష్టపడింది వాటితోనే. నాలుగైదేళ్లు పడుతుంది.

ఫిజియో, తిరుపతి:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. పాపా, ఏ దేశంలో చేసినా ఈ పీహెచ్‌డీతో నీకు వైద్యం చేసే హక్కు రాదు. పేరు ముందు డాక్టర్ వస్తుంది, అంతే. విరిగిన, తెగిన మోకాలికి చికిత్స చేయాలంటే దారి ఫిజియోథెరపీ, దాని డిగ్రీ బీపీటీ నుంచి మొదలుపెట్టాలి. కెనడాలోని ఒంటారియోలో 2013 నుంచి కినీసియాలజిస్టులకు రిజిస్ట్రేషన్ ఉంది, మన దగ్గర అట్లాంటిది లేదు.
రేపు మీ స్కూల్లో ఇంకో పాప పడకుండా చూడ్డానికి పీహెచ్‌డీ దాకా ఆగక్కర్లేదు. ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది. అందులో దూకి కాలు మోపేటప్పుడు మోకాలు పాదం మీదుగా నేరుగా ఉంచడం నేర్పుతారు. సోమవారం నుంచే మొదలుపెట్టు.

శ్రీవారి మెట్టు అక్క:
నేను ఇక్కడే పార్ట్ టైంలో పీహెచ్‌డీ పూర్తి చేశాను. స్కూలు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, థీసిస్, మూడూ ఒకేసారి. యూనివర్సిటీ పేరు చెప్పను. ఒక ప్రోగ్రెస్ రిపోర్టు మీద గైడు సంతకం కోసం నాలుగు నెలలు తిరిగాను. శనివారం పొద్దున వెళ్లి వరండా బెంచీ మీద కూర్చునేదాన్ని, మధ్యాహ్నానికి "వచ్చే వారం రామ్మా" అనేవారు. ఫైలు అట్ట చెమటకు మెత్తబడిపోయింది. అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. కాబట్టి యూనివర్సిటీ కంటే ముందు గైడును చూసుకో. ఆయన దగ్గర చేసినవాళ్లను ఇద్దరినైనా కలిసి మాట్లాడు.
అంత బాధపడినా చేయమనే చెప్తాను, ఎందుకంటే నీ దగ్గర ప్రశ్న ఉంది. చాలామంది డిగ్రీ కోసం వస్తారు, టాపిక్ గైడు ఇస్తారు. నువ్వు పడిపోయిన మోకాలిని కళ్లారా చూసి వస్తున్నావు.
మన ఊళ్లో ప్రశ్నలకు కరువా? అలిపిరి నుంచి 3550 మెట్లు. చివర్లో వచ్చే కొండకు మోకాళ్ల పర్వతం అనే పేరు. మెట్లు దిగేటప్పుడు మోకాలి కీలు మీద శరీర బరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుంది, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పొద్దంతా ఒకే చోట నిలబడి కాయలు కోసే ఆడవాళ్ల నడుములు ఎట్లున్నాయో ఎవరు కొలిచారు? వాళ్లను కొలవాల్సింది మనమే.

మదనపల్లె టు మిడ్‌వెస్ట్:
అక్కా, ప్రశ్న ఉన్నంత మాత్రాన సరిపోదు. ఫోర్స్ ప్లేట్ (కాలు నేల మీద వేసే బలాన్ని కొలిచే పలక) లేకుండా కీలు మీద భారం ఎట్లా కొలుస్తారు? మోషన్ కెమెరాలు లక్షల్లో ఉంటాయి.

శ్రీవారి మెట్టు అక్క:
భారం కొలవలేను తమ్ముడూ, ఒప్పుకుంటాను. కోణం కొలవగలను. తుంటి, మోకాలు, చీలమండ మీద తెల్ల టేపు ముక్కలు అంటించి, ఫోన్ స్లో మోషన్‌లో తీసి, కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫ్రేము ఆపి కోణం గీశాను. మొదటి రోజు టేపు చెమటకు ఊడి, పన్నెండు మంది వీడియోలు పనికిరాకుండా పోయాయి. రెండో రోజు స్పిరిట్‌తో తుడిచి అంటించాను. భారం కూడా కావాలంటే, వేరే సంస్థ నుంచి కో సూపర్‌వైజర్‌ను పెట్టుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. ఏర్పేడులో ఐఐటీ ఉంది, మెకానికల్ వాళ్ల తలుపు తట్టడానికి మొహమాటం ఎందుకు?
చెల్లీ, యూజీసీ 2022 రూల్స్ ఒకసారి చదువుకో. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు అదనం. 240 రోజుల దాకా ప్రసూతి సెలవు ఉంది. పెళ్లి మాటలప్పుడు ఇవి పెద్దవాళ్ల ముందు పెట్టు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000. అది వస్తే ఉద్యోగం మానేసి ఫుల్ టైం చేరు. నాకు రాలేదు, అందుకే అన్నేళ్లు పట్టింది.

చిత్తూరు పీడీ:
జేఆర్‌ఎఫ్ కూడా నెట్ రాస్తేనే వస్తుంది. నేను మొదట చెప్పింది అదే కదమ్మా.

శ్రీవారి మెట్టు అక్క:
అవునన్నా, నెట్ దగ్గర మీ మాటే నా మాట. దానితో ఆగిపొమ్మంటేనే ఒప్పుకోను.

రేణిగుంట పీఈటీ:
అందరికీ థాంక్స్. ఈసారి నెట్‌కు కడుతున్నాను. ఫిజియో సార్, సోమవారం నుంచి ఆ వార్మప్ పెడతాను, తప్పు చేస్తే చెప్పండి. అమెరికా ఆలోచన పూర్తిగా వదల్లేదు, మెయిల్ రాసి చూస్తాను. అక్కా, ఆ టేపు అంటించడం ఒకసారి దగ్గరుండి చూపిస్తారా?

శ్రీవారి మెట్టు అక్క:
ఆదివారం పొద్దున ఇంటికి రా. మా మేడ మెట్ల మీదే తీద్దాం. మోకాలు కనిపించేట్టు షార్ట్స్ తెచ్చుకో. టేపు, స్పిరిట్ నా దగ్గర ఉన్నాయి.