పది వేల డాలర్లు దాటిన నగదు: ముక్కలు చేయవద్దు

ప్రశ్న (ఇర్వింగ్ నుంచి, కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చి పదకొండు నెలలైంది. హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లం ఇరవై మందిమి కలిసి నెలకు 700 డాలర్ల చీటీ వేసుకుంటున్నాం. ఈ నెల 800 తగ్గించి పాడాను, చీటీ నాకే వచ్చింది. 13,200 డాలర్లు నగదుగా చేతిలో పెట్టారు. పాత కారు కొందామని డీలరు దగ్గరకు వెళ్తే, ఇంత నగదు తీసుకుంటే ప్రభుత్వానికి ఫారం పంపాలన్నాడు. భయం వేసి తిరిగి వచ్చేశాను. "బ్యాంకులో పది వేలు దాటితే పట్టుకుంటారు, నాలుగు వేల చొప్పున వేర్వేరు బ్రాంచీల్లో కట్టెయ్" అంటున్నాడు నా రూమ్మేట్. డబ్బు ప్రస్తుతం బియ్యం డబ్బాలో ఉంది. ఇక్కడ నగదుకు పరిమితి ఉందా? వీసాకు ఇబ్బంది వస్తుందా? అయినా నా కష్టార్జితం గురించి ప్రభుత్వానికి ఎందుకు చెప్పాలి?

జవాబు (ప్లేనో నుంచి)

తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఆ నాలుగు వేల ఆలోచన మానుకో. నీ రూమ్మేట్ నీ మేలు కోరే చెప్పి ఉంటాడు. 2008లో నాకు కూడా ఒక స్నేహితుడు మేలు కోరే ఇదే సలహా ఇచ్చాడు. దాని ఫలితం ఏమైందో చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇంతకు మించి నగదు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అనే కేంద్ర చట్టం అమెరికాలో లేదు. లక్ష డాలర్లు నగదుగా ఇచ్చి ఇల్లు కొన్నా అది నేరం కాదు. ఉన్నదల్లా ఆ సంగతి రాసి పంపాలనే నియమం. 1970 నాటి బ్యాంక్ సీక్రసీ యాక్ట్ కింద, ఒకే రోజులో పది వేల డాలర్లకు మించి నగదు కట్టినా తీసినా బ్యాంకు ఒక నివేదిక పంపాలి. దాన్ని సీటీఆర్ అంటారు. నింపేది బ్యాంకు, పంపేది బ్యాంకు. నువ్వు చేయాల్సిందల్లా డ్రైవింగ్ లైసెన్సు చూపించి, ఏం ఉద్యోగమో చెప్పడం. ఒకే రోజు మూడు బ్రాంచీల్లో కట్టినా ఆ మూడూ కలిపే లెక్కిస్తారు. ఇలాంటి నివేదికలు ఏటా దాదాపు రెండు కోట్లు వెళ్తాయి. కిరాణా కొట్లు, హోటళ్లు, పెట్రోలు బంకులు రోజూ కట్టే డబ్బుకు వెళ్లేవే వీటిలో ఎన్నో. సీటీఆర్ వెళ్లినంత మాత్రాన నీ మీద ఎవరూ నేరం మోపినట్టు కాదు, వీసా పోదు.

నేరమయ్యేది ఆ నివేదిక వెళ్లకుండా చూడాలని డబ్బును ముక్కలు చేయడం. దాన్ని స్ట్రక్చరింగ్ అంటారు. అయిదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. డబ్బు పైసాతో సహా న్యాయంగా సంపాదించినదైనా సరే. ముక్కలు చేయడం తప్పని తెలియదు అన్నా ఒప్పుకోరు. 1994లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఆ వాదనను ఒప్పుకుంది, కానీ అదే ఏడు కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం మార్చేసింది. ఇప్పుడు నివేదికను తప్పించాలనే ఉద్దేశం ఉందని రుజువైతే చాలు. అలాంటి కేసే నీ మీద పడితే మాత్రం వీసా దాకా వస్తుంది.

ప్రతినిధుల సభకు ఎనిమిదేళ్లు స్పీకరుగా చేసిన డెన్నిస్ హాస్టర్ట్ సంగతి చూడు. తన పాత ఘోరం బయటపడకుండా ఒక వ్యక్తికి డబ్బు ఇస్తూ, మొదట యాభై వేల చొప్పున తీసేవాడు. బ్యాంకువాళ్లు ప్రశ్నలు వేసేసరికి పది వేలకు లోపు తీయడం మొదలుపెట్టాడు. అలా తీసింది మొత్తం 9,52,000 డాలర్లు. 2015లో కోర్టులో అతను ఒప్పుకున్న నేరం అలా ముక్కలు చేసి తీయడమే. మరుసటి ఏడు పదిహేను నెలల జైలు శిక్ష పడింది. తీసిన డబ్బు అతని సొంత ఖాతాల్లోదే.

ఇక నా సంగతి. ఇల్లు కొనేందుకు డౌన్‌పేమెంట్ కూడబెడుతున్న రోజులు. అంతకు ముందు స్నేహితులకు ఇచ్చిన చేబదుళ్లు నగదుగా తిరిగి వచ్చాయి. పదకొండు వేలు, అన్నీ వంద నోట్లే. కౌంటరులో అమ్మాయి రబ్బరు బ్యాండు తీసి, మిషన్‌లో పెట్టి, 110 నోట్లు అని చూపించింది. "ఒక ఫారం నింపాలి, అయిదు నిమిషాలు పడుతుంది" అంది. నాకు స్నేహితుడి మాట గుర్తొచ్చింది. "అయితే ఇప్పుడు తొమ్మిది వేల అయిదు వందలే కడతాను" అని అద్దం కింది సందులోంచి పదిహేను నోట్లు వెనక్కి తీసుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. నవ్వుతూనే రసీదు ఇచ్చింది. మిగిలిన పదిహేను వందలు మూడు రోజుల తర్వాత కట్టాను.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది, ఖాతా మూసేస్తున్నామని. కారణం రాయలేదు. వెళ్లి అడిగితే చెప్పలేదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఫారం మాట వినగానే డబ్బు తగ్గించుకుంటే బ్యాంకు అనుమానాస్పద లావాదేవీగా వేరే నివేదిక పంపవచ్చు. అది పంపినట్టు ఖాతాదారుకు చెప్పడం బ్యాంకుకు నేరం. కాబట్టి నా విషయంలో ఏం జరిగిందో నాకు ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు. ఇంటి అప్పు ఇచ్చేవాళ్లేమో రెండు నెలల స్టేట్‌మెంట్లు చూసి ఆ రెండు జమలు ఎక్కడివని అడిగారు. చేబదుళ్లకు నా దగ్గర చీటీ ముక్క కూడా లేదు. సంజాయిషీలు రాసి, స్నేహితుల చేత ఉత్తరాలు రాయించేసరికి గడువు దాటింది, ఆ ఇల్లు వేరేవాళ్లకు వెళ్లిపోయింది. మా ఆవిడ అప్పటికే వంటగది కొలతలు తీసుకుని వచ్చింది.

ఆ అయిదు నిమిషాలు కూర్చుని ఉంటే సరిపోయేది, తమ్ముడూ.

జవాబు (ఎడిసన్ నుంచి)

ప్లేనో అన్నయ్య చెప్పింది నిజం. నేను పన్నుల లెక్కలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి మీ డీలరు చెప్పిన ఫారం గురించి రాస్తాను. అది 8300. వ్యాపారంలో ఉన్న వాళ్లెవరైనా ఒక కొనుగోలుకు పది వేలకు మించి నగదు పుచ్చుకుంటే పదిహేను రోజుల్లో పంపాలి. ఈసారి అయిదు వేలు, వచ్చే నెల ఆరు వేలు అని వాయిదాలుగా ఇచ్చినా ఏడాది లోపు కలిపి లెక్కిస్తారు. అలా పంపామని మరుసటి ఏడు జనవరి 31లోగా మీకు కూడా కాగితం రావాలి. మా ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద పెళ్లి నగలు కొన్నా ఇదే నియమం. సొంత కారు అమ్ముకునే మామూలు మనిషికి మాత్రం ఈ ఫారంతో పని లేదు.

కారు కొనేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బ్యాంకు ఇచ్చే కాషియర్స్ చెక్కు పది వేలు, అంతకు లోపు ఉంటే ఇలాంటి కొనుగోళ్లలో దాన్ని కూడా నగదుగానే లెక్కిస్తారు. మనీ ఆర్డర్లకూ అంతే. ఎనిమిది వేలకు చెక్కు, మిగతాది నోట్లు అంటే డీలరు ఫారం పంపాల్సిందే. పది వేలు దాటిన ఒకే చెక్కు అయితే అవసరం లేదు. మీ సొంత ఖాతా చెక్కును, వైరును (ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే డబ్బును) అసలు నగదుగా లెక్కించరు. అందువల్ల 13,200 మొత్తం ఒకేసారి బ్యాంకులో కట్టండి. సీటీఆర్ వెళ్తుంది, వెళ్లనివ్వండి. ఆ తర్వాత కారు ధరకు ఒకే చెక్కు తీసుకోండి.

చీటీ వివరాలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఎవరు నడుపుతున్నారు, ఎంతమంది, నెలకు ఎంత, ఏ నెల ఎంత కట్టారు, పాట ఎంతకు పాడారు. అందరి చేత సంతకాలు పెట్టించినా తప్పు లేదు. ఇంకో మాట కూడా అడగకపోయినా చెబుతాను. ఇండియాలో మీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. మీ నాన్నగారితో ఉమ్మడిగా ఉన్న ఖాతా కూడా లెక్కకు వస్తుంది. మన వాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

ప్రశ్న అడిగిన సభ్యుడు (ఇర్వింగ్ నుంచి)

అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. రేపు ఉదయమే బ్యాంకుకు వెళ్తాను. కానీ నా మూడో ప్రశ్నకు జవాబు రాలేదు. తప్పు చేయని వాడి డబ్బు లెక్క ప్రభుత్వానికి ఎందుకు? మన ఖాతా వివరాలకు గోప్యతే లేదా?

జవాబు (ప్లేనో నుంచి)

ఉంది, కానీ నువ్వు అనుకున్నంత లేదు. 1976లో మిల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, బ్యాంకు దగ్గరున్న లెక్కలు బ్యాంకువి, వాటిని నీ ఇంట్లో కాగితాల్లా రాజ్యాంగం కాపాడదు. ఆ తీర్పు మీద జనంలో అసంతృప్తి వచ్చింది. రెండేళ్లకు కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. కేంద్ర అధికారులు నీ లెక్కలు అడిగితే చాలా సందర్భాల్లో నీకు ముందుగా తెలియజేయాలి, నువ్వు కోర్టులో అభ్యంతరం చెప్పవచ్చు. అయితే సీటీఆర్, అనుమానాస్పద నివేదికలు దాని కిందికి రావు.

నా అభిప్రాయం దాచుకోను. ఈ పది వేల గీత 1970లలో గీసింది. అప్పట్లో ఆ డబ్బుకు రెండు కొత్త కార్లు వచ్చేవి. ఇప్పుడు నీకు ఒక్క పాత కారు వస్తోంది. గీత అక్కడే ఉంది, ధరలు మాత్రం పెరిగాయి. దాంతో మాదకద్రవ్యాల వ్యాపారుల కోసం వేసిన వలలో చీటీ పాడుకున్న నీలాంటి వాడు కూడా పడుతున్నాడు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. మార్చాలని అడిగే హక్కు మనకుంది, అడిగితే మారిన సందర్భమూ ఉంది. చిన్న వ్యాపారుల సొమ్మును ముక్కలు చేశారనే ఒక్క కారణంతో పన్నుల శాఖ జప్తు చేసేది. బాధితులు పోరాడితే 2019లో చట్టం మార్చి, డబ్బు అక్రమంగా వచ్చిందనో, మరో నేరం దాచడానికి ముక్కలు చేశారనో చూపిస్తే తప్ప ఆ శాఖ జప్తు చేయకూడదన్నారు.

ప్రభుత్వం నుంచి దాచలేకపోయినా, నీ గోప్యత నీ చేతిలో ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. రూమ్మేట్లకు బ్యాంకు పాస్‌వర్డ్ ఇవ్వకు. "నీ ఖాతాలోకి వేస్తాను, కొంచెం ఉంచుకుని మిగతాది ఫలానా వాడికి పంపు" అని ఎవరు అడిగినా, ఎంత దగ్గరివాడైనా, ఒప్పుకోకు. కొత్తగా వచ్చిన పిల్లలను ఇలాగే వాడుకుంటారు, ఆ తర్వాత కేసు ఖాతా ఉన్నవాడి మీద పడుతుంది. "ఇక్కడ డాలర్లు ఇవ్వు, మీ ఇంటికి రూపాయలు తెచ్చి ఇస్తారు" అనేవాళ్లు కూడా తగులుతారు. లైసెన్సు లేకుండా అలా డబ్బు చేరవేయడం ఇక్కడ కేంద్ర నేరం. 2026 జనవరి నుంచి నగదు ఇచ్చి విదేశాలకు పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను వచ్చింది. అది తప్పించుకోవచ్చని చెప్పి వాళ్లు మరింత మందిని లాగుతారు. ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి పంపితే ఆ పన్ను అసలే లేదు.

జవాబు (చార్లట్ నుంచి)

ఒక్క మాట కలుపుతాను. ఇంటికి వెళ్లేటప్పుడు ఈ అలవాట్లు తారుమారవుతాయి. ఇండియాలో ఒక మనిషి నుంచి ఒకే రోజు రెండు లక్షల రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడమే నిషిద్ధం. 2017 ఏప్రిల్ నుంచి ఉంది. పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. స్థలం కొనేటప్పుడు సగం తెలుపు, సగం నలుపు అంటారు. ఆ నలుపు సగం వల్ల రేపు అమ్మి డాలర్లుగా తెచ్చుకుందామన్నా మీ దగ్గర లెక్క ఉండదు. స్థలం అమ్మకంలో అడ్వాన్సు నగదుగా ఇరవై వేల రూపాయలు తాకకూడదు. ఇక విమానంలో పది వేల డాలర్లకు మించి తీసుకెళ్తే ఇక్కడ కస్టమ్స్‌కు చెప్పాలి. కుటుంబమంతా కలిసి వెళ్తే అందరి దగ్గర ఉన్నదీ కలిపే లెక్క. చెబితే పన్ను ఉండదు. చెప్పకపోతే మొత్తం పోవచ్చు.

ప్రశ్న అడిగిన సభ్యుడు (ఇర్వింగ్ నుంచి)

కట్టేశాను. లైసెన్సు అడిగారు, ఉద్యోగం ఏమిటన్నారు, అడ్రసు సరిచూశారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. డబ్బు ఎక్కడిదని అడిగితే చీటీ గురించి చెప్పాను. ఆమెకు మొదట అర్థం కాలేదు, కాగితం మీద ఇరవై గీతలు గీసి చూపించాను. తమ ఊళ్లో కూడా ఇలాంటిది ఉండేదని, వాళ్ల అమ్మమ్మ నడిపేదని చెప్పింది. శనివారం కారు తెచ్చుకుంటున్నాను. వచ్చే నెల చీటీ నా రూమ్మేట్‌కు వచ్చేలా ఉంది. ఈ జవాబులన్నీ అతని చేత చదివించాను.

జవాబు (ప్లేనో నుంచి)

చాలా సంతోషం. ఆ రసీదును ఈ రాత్రే ఫోటో తీసి పెట్టుకో. ఆ కాగితం మీద అక్షరాలు ఏడాది తిరిగేలోపే వెలిసిపోతాయి.