ఇంటర్ చదివే పిల్లకి ఆన్‌లైన్‌లో డిగ్రీ స్థాయి కాలిక్యులస్: చేర్పించాలా, ఆపాలా?

కావలి నాన్న:
మా పాప కావలిలోనే ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. పదో తరగతి సెలవుల్లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన సింగిల్ వేరియబుల్ కాలిక్యులస్ పాఠాలు చూసింది. ఇప్పుడు ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్‌లో పన్నెండు వారాల కోర్సులో చేరతానంటోంది. చేరడం ఉచితమే, పరీక్ష రాస్తేనే ఫీజు, కాబట్టి డబ్బు సమస్య కాదు. కాలేజీలో అడిగితే ‘ఎంసెట్ అయ్యాక చూసుకోమనండి’ అన్నారు. మా తమ్ముడేమో ఆపొద్దంటాడు. నాది ఎరువుల కొట్టు, నాకు ఆ లెక్కలు తెలియవు. రాత్రి పదకొండున్నరకి లేచి చూస్తే చెవుల్లో హెడ్‌ఫోన్స్, చేతిలో పెన్ను. సంతోషించాలో భయపడాలో తెలియక అడుగుతున్నాను.

ఒంగోలు లెక్చరర్:
ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లకాయలకి లెక్కలు చెబుతున్నాను. ఇప్పుడే వద్దు అంటాను. ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, మూడు గంటలకి 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. అంటే ప్రశ్నకి నిమిషం పైన కొన్ని సెకన్లు. ఆ చేతివేగం వేరు, డిగ్రీ స్థాయిలో ఒక సిద్ధాంతం దగ్గర గంటసేపు కూర్చునే ఓపిక వేరు. పైగా ఈ కోర్సు చేసినందుకు ఎంసెట్‌లో ఒక్క మార్కు కలవదు.

నా అసలు భయం ఇంకొకటి. మొన్న ఒక అబ్బాయి పేపరు దిద్దాను. ఇంటిగ్రేషన్‌లో సబ్‌స్టిట్యూషన్ చక్కగా పట్టాడు. మూడో లైన్లో మాత్రం ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్‌కి వర్గమూలం ఎ ప్లస్ బి అని రాశాడు. నాకొచ్చే పేపర్లలో కాలిక్యులస్ దగ్గర తప్పేవాళ్ల కన్నా ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ దగ్గర తప్పేవాళ్లే ఎక్కువ. కింద మెట్టు కదులుతుంటే పై మెట్టు ఎక్కించకండి.

పొదిలి బీటెక్:
సార్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. నాకు మంచి ర్యాంకే వచ్చింది. ఏ ఫంక్షన్ ఇచ్చినా అరనిమిషంలో డిఫరెన్షియేట్ చేసేవాణ్ణి. బీటెక్ మొదటి సెమిస్టర్‌లో మీన్ వాల్యూ థియరమ్ రాసి, అది ఎందుకు నిజమో బొమ్మ గీసి చెప్పమన్నారు. పెన్ను కదల్లేదు. సూత్రం తెలుసు, అది దేని గురించో తెలియదు. లిమిట్‌ని కచ్చితంగా చెప్పే ఎప్సిలాన్, డెల్టా అనే మాటలు ఆ ఏడాదే మొదటిసారి విన్నాను. ఆ పేపరు బ్యాక్‌లాగ్ పడింది, ఇంట్లో చెప్పడానికి వారం పట్టింది. రెండేళ్లు పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది వరకు చదివింది ఏమైపోయిందా అని ఏడ్చాను. అన్నా, పాప తనంతట తాను అడుగుతోంది. దయచేసి ఆపకండి.

నెల్లూరు, ఇరిగేషన్ రిటైర్డ్:
కోర్సులు, ర్యాంకులు పక్కన పెట్టండి. పాపకి విషయం ఎంత ఎక్కిందో ముందు చూద్దాం. పెన్నా మీది సోమశిల డ్యామ్‌కి వరద వచ్చినప్పుడు పేపర్లో రెండు అంకెలు వేస్తారు, క్యూసెక్కులు, టీఎంసీలు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే నీరు వచ్చే వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది చేరిన నిల్వ. రోజంతా 11,574 క్యూసెక్కులు తగ్గకుండా వస్తే ఒక టీఎంసీ అవుతుంది. మొదటిదాన్ని కూడుకుంటూ పోతే రెండోది. కాలిక్యులస్ అంతా ఈ రెండింటి మధ్యే ఉంది. నా ఉద్యోగమంతా ఈ లెక్కతోనే గడిచింది, కాలేజీలో మాత్రం ఇలా ఎవరూ చెప్పలేదు.

పాపకి ఇది ఇవ్వండి: ఉదయం ఆరుకి 20 వేల క్యూసెక్కులు, మధ్యాహ్నం పన్నెండుకి 60 వేలు. మధ్యలో ఒకే తీరుగా పెరిగింది. ఆ ఆరు గంటల్లో ఎన్ని టీఎంసీలు చేరాయి? సూత్రం చెప్పొద్దు, ఊరికే ఇవ్వండి.

కందుకూరు వాణ్ణి, టెక్సస్ నుంచి:
ఇక్కడ హైస్కూల్లోనే కాలేజీ కాలిక్యులస్ చదవడం మామూలే. ఏపీ (ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ పరీక్ష మే నెలలో ఉంటుంది, 1 నుంచి 5 వరకు స్కోరు. మంచి స్కోరు వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి, ఆ మేరకు ఫీజు మిగులుతుంది. మన దగ్గర ఆ లాభం లేదు కాబట్టి అమెరికాలో చేస్తున్నారు కదా అని చేర్పించకండి. ఇంకో మాట. మా వాడు ఆన్‌లైన్ పాఠాలు విని అంతా తెలిసిపోయింది అనుకున్నాడు. వీడియో ఆపి కాగితం మీద చేయమంటే రెండో లైను దాటలేదు. చూడటం చదవటం కాదని వాడికి అర్థం కావడానికి ఒక సెమిస్టర్ పట్టింది.

నెల్లూరు అమ్మ:
అందరూ లెక్కల గురించే మాట్లాడుతున్నారు. పదకొండున్నర దాకా మేలుకుంటే ఆ బిడ్డ ఎన్నింటికి లేస్తోంది? మా పెద్దమ్మాయి ఇలాగే చదివి పరీక్షల ముందు జ్వరంతో పడుకుంది. ముందు నిద్ర సంగతి చూడండన్నా.

ఒంగోలు లెక్చరర్:
పొదిలి తమ్ముడూ, నువ్వు రాసింది చదివి బాధేసింది. అది నీ తప్పు కాదు. బొమ్మ గీయకుండా సూత్రం చెప్పి ముందుకు పోయేది మేమే, సిలబస్ తరుముతుంటుంది. సరే, కొంచెం తగ్గుతాను. పన్నెండు వారాల కోర్సులో వారం వారం అసైన్‌మెంటుకి గడువు ఉంటుంది. అది కాలేజీ టెస్టుల వారంలో పడితే పాప నలిగిపోతుంది. ఎంఐటీ పాఠాలకి గడువు లేదు. చదివితే అవి చదవనివ్వండి, సర్టిఫికెట్ కోసం ఈ ఏడాది పరుగు వద్దు. ఆల్జీబ్రా గట్టిగా ఉందో లేదో మాత్రం చూడండి, ఆ మాట మీద నేను తగ్గను.

కావలి నాన్న:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి కొట్టు మూసి వచ్చాక సోమశిల లెక్క ఇచ్చాను. పాప సూత్రం రాయలేదు. బిల్లు పుస్తకం వెనక అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసింది, ఏటవాలుగా ఇంకోటి. కింద ఉన్న జాగా అంతా పెన్నుతో నింపి ‘నీళ్లు ఇవే నాన్నా’ అంది. సగటు 40 వేలు, ఆరు గంటలకి 21,600 సెకన్లు, గుణిస్తే 86 కోట్ల 40 లక్షలు. 0.864 టీఎంసీ అని రాసింది. తర్వాత తనే, ‘వరద ఒకే తీరుగా పెరగదు కదా, అప్పుడు పది నిమిషాలకి ఒక ముక్క చొప్పున కోసి కూడాలి’ అంది. పుట్టినప్పటి నుంచి పెన్నా చూస్తున్నాను, నీళ్లని అలా కొలవొచ్చని నాకు నిన్నే తెలిసింది.

ఎన్‌పీటెల్ ఈ ఏడాది వద్దనుకున్నాం. ఆదివారం పొద్దున రెండు గంటలు ఎంఐటీ పాఠాలు, వీడియో ఆపి నోట్సులో చేయాలి. రాత్రి పదిన్నరకి లైటు ఆపాలి. దానికి ముఖం ముడుచుకుంది కానీ ఒప్పుకుంది. లెక్చరర్ గారూ, మీ వర్గమూలం లెక్క కూడా ఇచ్చాను. మూడు, నాలుగు వేసి చూసి, ‘ఐదు వస్తుంది, ఏడు రాదు’ అని పక్కన పెట్టేసింది. ఇరిగేషన్ సార్, జవాబు సరిపోయిందా?

నెల్లూరు, ఇరిగేషన్ రిటైర్డ్:
సరిపోయింది. ఆ పది నిమిషాల ముక్క మాట విని ప్రాణం లేచొచ్చింది. వచ్చే ఆదివారానికి ఇది ఇవ్వండి: మధ్యాహ్నం పన్నెండుకి 60 వేలున్న వరద, అక్కణ్ణుంచి గంటకి 4 వేల క్యూసెక్కుల చొప్పున తగ్గుతోంది. గేట్ల నుంచి 36 వేలు వదులుతూనే ఉన్నారు. డ్యామ్‌లో నిల్వ ఎన్ని గంటలకి అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది, ఎందుకు?