నల్లగొండ నుంచి వైజాగ్‌కు మకాం: సముద్రం దగ్గర ఫ్లాట్ కిరాయికి తీసుకునే ముందు ఏం చూడాలె?

పానగల్లు:
జూన్‌ల నల్లగొండ నుంచి వైజాగ్‌కు ట్రాన్స్‌ఫర్. ఆఫీసు సిరిపురం దిక్కు. ఇంట్ల నలుగురం: మేమిద్దరం, అమ్మ, ఆరేండ్ల పాప. రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కావాలె. ఇంట్ల అందరూ సముద్రం కనబడే ఇల్లే అంటున్నరు. బీచ్ రోడ్డు మీద ఒకటి, సీతమ్మధారల ఒకటి, మధురవాడల ఒకటి అనుకున్నం. సముద్రానికి ఎదురుగ ఉంటే నష్టం ఏమన్న ఉన్నదా? నీళ్ల సంగతి ఎట్ల? ఇక్కడి సామానుల ఏది తీసుకపోవాలె, ఏది అమ్మెయ్యాలె? కూలర్, ఏసీ, బీరువా, బైక్ ఉన్నయి. అగ్రిమెంట్‌ల ఏం రాయించుకోవాలె? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

పిల్లలమర్రి నీడ:
ఆఫీసు సిరిపురం అయితే మధురవాడను పక్కన పెట్టండ్రి. అది రుషికొండ ఐటీ కొండ దిక్కు పనిచేసేటోళ్లకు అనుకూలం. మీకు రోజూ రానుపోను ముప్పై కిలోమీటర్ల దాకా అయితది. సీతమ్మధార, రేసపువానిపాలెం, ఎంవీపీ కాలనీ మీకు దగ్గర.

ఇగ సముద్రానికి ఎదురుగ ఉండుడు. అలలు విరిగినప్పుడు లేచే ఉప్పు తుంపర గాలిల కొట్టుకొచ్చి ఇనుము మీద, సిమెంటు మీద కూసుంటది. ఒడ్డు నుంచి కొన్ని వందల మీటర్లు లోపలికి పోతే ఇది బాగ తగ్గుతది. కాబట్టి బీచ్ రోడ్డు మీది మొదటి వరుస వద్దు. రెండు మూడు వీధులు వెనక, ముందు వేరే బిల్డింగులు అడ్డమున్న చోట తీసుకోండ్రి. గాలి వస్తది, ఉప్పు తక్కువ పడ్తది. సముద్రం చూడాలంటే పది నిమిషాలు నడిస్తే సరిపాయె.

ఇల్లు చూడబోయినప్పుడు కొత్త రంగును చూసి మోసపోవద్దు. తల పైకెత్తి బాల్కనీ స్లాబు అడుగు భాగం, బాత్‌రూం కప్పు చూడండ్రి. ఒకే వరుసల సన్నని పగుళ్లు, వాటి పొంటి గోధుమరంగు చారలు కనబడితే లోపల సలాక తుప్పు పట్టిందని లెక్క. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటును బయటికి తోస్తది. పెచ్చులు ఊడి కింద పడేది అందుకే. పుట్టీ పెట్టి రంగేస్తే ఆ చార ఆరు నెలలు దాగుతది, అంతే. కిటికీ బందులు, పక్క ఫ్లాట్లోళ్ల ఏసీ స్టాండ్లు గూడ చూడండ్రి. అవి ఎంత తుప్పు పడితే మీ సామానుకు గూడ అంతే.

బాల్కనీ రెయిలింగ్ మీద వేలు పెట్టి గీయండ్రి. జిగటగ అంటితే ఉప్పు. నల్లగ అంటితే పోర్టు దిక్కు నుంచి వచ్చే బొగ్గు ధూళి. వన్‌టౌన్, జ్ఞానాపురం దిక్కు ఈ నల్లటి ధూళి బాధ ఎక్కువ. చిన్న పాప, పెద్దామె ఉన్న ఇల్లు గనుక దీన్ని తేలికగ తీసుకోవద్దు.

నీళ్లు. నల్లగొండోళ్లకు ఫ్లోరైడ్ లెక్క చెప్పనక్కర లేదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే వద్దంటం. సముద్రం పక్కన భయం ఉప్పుతోటి. బోర్లు ఎక్కువ తోడితే భూమి లోపల మంచినీళ్ల మట్టం దిగుతది, ఆ జాగాలకు సముద్రపు నీళ్లు వస్తయి. తాగునీటి ప్రమాణం ప్రకారం టీడీఎస్, అంటే నీళ్లల్ల కరిగిన లవణాల లెక్క, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపల ఉండాలె. వేరే దిక్కు లేకపోతేనే 2000 దాకా ఒప్పుకుంటరు. క్లోరైడ్‌కు ఆ హద్దులు 250, 1000. జేబుల పట్టే టీడీఎస్ మీటర్ కొన్ని వందలకు దొరుకుతది, తీసుకపోండ్రి. వంటింటి నల్లా, బాత్‌రూం నల్లా వేరువేరుగ చూడాలె, ఎందుకంటే చాలా అపార్ట్‌మెంట్లల మున్సిపాలిటీ నీళ్లు ఒక ట్యాంకుకు, బోరు నీళ్లు ఇంకో ట్యాంకుకు ఎక్కుతయి. ఓనర్ చూపించేది ఎప్పుడూ వంటింటి నల్లానే. బోరు నీళ్లు ఉప్పుగ ఉంటే గీజర్ ట్యాంకు, షవర్, వాషింగ్ మిషన్ త్వరగ పాడైతయి.

వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి రెండు మాటలు అడగండ్రి: మే నెలల ట్యాంకర్లు ఎన్ని తెప్పిస్తరు, ఆ పైసలు మెయింటెనెన్స్‌ల కలిసినయా, విడిగ కట్టాల్నా?

కృష్ణ ఒడ్డు:
పై అన్న ఇల్లు సంగతి చెప్పిండు, నేను సామాను సంగతి చెప్తా.

కూలర్ అమ్మెయ్యండి. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటది, కాబట్టి గడ్డి మీది నీళ్లు ఆవిరై గాలి చల్లబడ్తది. బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు మంచి కూలర్ 26 దాకా దింపుతది. వైజాగ్‌ల 34 డిగ్రీలే ఉండొచ్చు గాని తేమ 70 శాతం ఉంటే అదే కూలర్ 30కి దిగుడే గగనం. పైగా గదిల తేమ పెరిగి ఉక్క రెట్టింపు అయితది, పక్క బట్టలు తడి తడిగా అనిపిస్తయి. నల్లగొండ ఎండ మాడుస్తది, వైజాగ్ ఎండ చెమటను ఆరనియ్యదు. అక్కడ కావాల్సింది గాలి ఆడుడు. ఎదురెదురుగ కిటికీలు ఉన్న ఇల్లు చూడండి. పగటిపూట గాలి సముద్రం దిక్కు నుంచి వస్తది గనుక తూర్పు, దక్షిణం దిక్కు తెరుచుకునే హాలు ఉంటే చాలా పూటలు ఫ్యాన్ తోటే గడుస్తది.

ఏసీ తీసుకపోవచ్చు. బయటి యూనిట్‌ల రాగి పైపులు, వాటికి అల్యూమినియం రేకులు ఉంటయి. రెండు వేరు లోహాలు ఆనుకొని ఉన్న చోట ఉప్పు నీళ్లు చేరితే అల్యూమినియం తెల్లటి పొడి అయి రాలుతది. రేకుల మీద నీలం పూత ఉంటే కొంత నయం. మెయిన్ బంద్ చేసి, మంచినీళ్ల పైపు తోటి పైనుంచి కిందికి మెల్లగ కడగాలి. ఒడ్డుకు దగ్గర ఉంటే నెలకోసారి, లోపల ఉంటే మూడు నెలలకోసారి. జోరుగ కొడితే రేకులు వంగి గాలి ఆగుతది. స్టాండ్ మామూలు రంగేసిన ఇనుముది వద్దు. జింక్ పూతది గాని స్టీల్‌ది గాని పెట్టించండి, బోల్టులు గూడ అదే రకంవి.

బీరువా గోడకు ఆనించి పెట్టొద్దు. నాలుగు వేళ్ల సందు ఇడిసి, కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టాలి. తుప్పు మొదలయ్యేది అడుగునుంచే. తోలు చెప్పులు, బెల్టులు వానాకాలంల బూజు పట్టే మొదటి వస్తువులు, వారానికోసారి బయట పెట్టండి.

వంటింట్ల మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. ఏడాదికి సరిపడ కారం పట్టించి డబ్బాల పోసుడు అక్కడ కుదరదు. మిరపకాయలు మెత్తబడి, కారం గడ్డకట్టి రంగు మారుతది. రెండు నెలలకు సరిపడ పట్టించి, గాజు సీసాల ఇంగువ ముక్క ఏసి మూత గట్టిగ పెట్టండి. జొన్నపిండి పది పదిహేను దినాలకు మించి నిలువ పెట్టకండి. తేమ పట్టిన పిండికి ముక్కవాసన వస్తది, రొట్టె చేతి మీద సాగక పగుల్తది. జొన్నలు తీసుకపోయి కొంచెం కొంచెం పట్టించుకునుడే మేలు.

గ్యాస్: ఇక్కడి ఏజెన్సీల సిలిండర్లు, రెగ్యులేటర్ అప్పజెప్పి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోండి, డిపాజిట్ వాపస్ ఇస్తరు. ఆ కాగితం అక్కడి ఏజెన్సీల ఇచ్చి, డిపాజిట్ కట్టి కనెక్షన్ తీసుకోవాలి.

పానగల్లు:
ఇద్దరికి శానా థ్యాంక్స్. ఇట్లంటే బీచ్ రోడ్డు ఇల్లు లిస్టుల నుంచి తీసేసినట్టే. బైక్, అగ్రిమెంట్ సంగతి గూడ చెప్పగలరా? బండి తెలంగాణ రిజిస్ట్రేషన్.

వాడపల్లి సంగమం:
బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబర్ తీసుకోవాలి, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. ఏడాదిలోపు తిరిగొచ్చే ఉద్యోగమైతే ఆ పని అవసరం లేదు. ఉండేటట్టయితే మన ఆర్టీఏలో ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తీసుకోండి. లోన్ ఉంటే ముందు బ్యాంకు ఒప్పుకోలు కాగితం కావాలి. తర్వాత అక్కడ ఫారం 27, లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టిన రసీదు పెట్టి ఇక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపస్ అడగొచ్చు. చాలామంది ఇది అడగకుండా వదిలేసుకుంటున్నారు, వదలకండి. బండిని ఇసుక మీదికి తీసుకపోయిన రోజు చైన్, సైలెన్సర్, మడ్‌గార్డు లోపలి భాగం మంచినీళ్లతో కడిగి, ఆరినాక చైన్‌కు నూనె పెట్టండి.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకే రాస్తారు. ఖాళీ చేసే నోటీసు గురించి ఏమీ రాయకపోతే నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసే చాలు. పాపకు బడి, అమ్మకు మందులు ఉన్న ఇంటికి 15 రోజులు ఏ మూలకు? రెండు పక్షాలకూ కనీసం ఒక నెల, కుదిరితే రెండు నెలలు రాయించండి.

ఉప్పుగాలి ఊళ్లో తగువు వచ్చేది తుప్పు దగ్గరే. కిటికీ బందు విరిగింది, గీజర్ కారింది, నల్లా ఊడింది అని ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోస్తారు. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం మామూలు వాడకంలో వచ్చే అరుగుదల కిరాయిదారు బాధ్యత కాదు. అయినా వాదన దాకా రానియ్యకుండా ఒక వాక్యం రాయించండి: 'ఉప్పుగాలి వల్ల, పాతబడటం వల్ల కిటికీలు, గ్రిల్స్, గీజర్, మోటారుకు వచ్చే రిపేర్లు యజమానివి.' తాళం చేతికొచ్చిన రోజే ప్రతి కిటికీ తెరిచి మూస్తూ వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి, తేదీతో సహా ఉంటుంది. రంగుల పేరు మీద నెల కిరాయి పట్టుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. ఉంటే ఎంతో అంకెలో రాయాలి, 'వాస్తవ ఖర్చు' అని మాత్రం ఒప్పుకోవద్దు.

కరెంటు మీటర్ సర్వీస్ నంబర్ తీసుకుని ఈపీడీసీఎల్ యాప్‌లో పాత బాకీ ఉందేమో చూడండి. ఏడాది కిరాయి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి కిరాయి భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం ఓనర్ పాన్ నంబర్ కావాలి, అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగండి.

పిల్లలమర్రి నీడ:
అన్ని కాగితాలే చెప్పినం, ఆ ఊర్ల సుఖం గూడ చెప్పాలె కదా. పొద్దుగాల బీచ్ రోడ్డు మీద కొంతసేపు బండ్లు ఆపేస్తరు, అమ్మను నడిపించడానికి అంత మంచి జాగ దొరకదు. పాపకు కురుసుర జలాంతర్గామి చూపించండ్రి, సోమవారం తప్ప.

నీళ్లల్ల దిగేటప్పుడు మాత్రం మన బావి ఈత, సాగర్ కాలువ ఈత నమ్ముకోవద్దు. ఒడ్డుకు వచ్చిన నీళ్లు ఒక సన్నని దారిల జోరుగ వెనక్కి పోతయి. అటుఇటు అలలు విరుగుతుంటే, నడుమ ఒక పట్టీల అల విరగకుండ, నీళ్లు ముదురు రంగుల, నురుగు లోపలికి పోతూ కనబడ్తది. చూసేటోనికి ప్రశాంతంగ ఉన్న జాగ అదే, మనిషిని గుంజుకపోయేదీ అదే. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదొద్దు, అలసిపోతరు. ఒడ్డు పొంటి పక్కకు ఈది, ఆ పట్టీ దాటినంక బయటికి రావాలె. పాపను దించాలంటే శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు 2020ల వచ్చిన రుషికొండల, లైఫ్‌గార్డులు ఉన్న హద్దు లోపలనే. ఆర్కే బీచ్‌ల పాదాలు తడుపుకోండ్రి, చాలు.

చేపలకు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కు పోవాలె. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట బంద్ ఉంటది, మీరు పోయేసరికి అది అయిపోయి పడవలు మళ్లీ కదుల్తయి. బొచ్చె, రవ్వ తిన్న నోటికి మొదట చందువా నచ్చుతది, ముండ్లు తక్కువ, పాపకు గూడ పెట్టొచ్చు. పులుసుకు వంజరం. చెవుల కింద ఎర్రగ ఉండాలె, వేలితో నొక్కితే గుంట పడి నిలవొద్దు.

అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగ ఆ ఊరినే కొట్టింది. హెచ్చరిక వచ్చిన రోజు బాల్కనీల పూలకుండీలు లోపల పెట్టి, డ్రమ్ములు నింపి, ఫోన్లు, పవర్ బ్యాంకులు చార్జ్ చేసుకోవాలె. కరెంటు లేకుంటే మోటారు నడవదు, మోటారు నడవకుంటే నల్లా రాదు.

ఊరికి రావడానికి ఫలక్‌నుమా, విశాఖ, జన్మభూమి మూడూ నల్లగొండ మీదుగనే పోతయి. జన్మభూమి పగటి బండి, అమ్మకు అదే సుఖం. పండుగలకు మాత్రం రిజర్వేషన్ తెరిచిన దినమే టికెట్ చేసుకోండ్రి.