కాంట్రాక్టు ఉండగానే ఆటగాడు ట్రేడ్ (వేరే జట్టుకి మార్చడం) అడిగితే జట్టు ఎందుకు తలొగ్గుతుంది?

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) బాగా ఫాలో అయ్యేవాళ్లు కాస్త చెప్పండి. స్టార్ ఆటగాడు కెవిన్ డ్యూరాంట్ 2021లో బ్రూక్లిన్ జట్టుతో నాలుగేళ్ల ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్టు పొడిగింపు) మీద సంతకం పెట్టి, అది అమల్లోకి రాకముందే 2022 జూన్‌లో నన్ను ట్రేడ్ చేసేయండన్నాడు, 2023 ఫిబ్రవరికల్లా ఫీనిక్స్‌లో తేలాడు. ఇంకో స్టార్ లిలార్డ్ మయామీకే పోతానని పట్టుబట్టినా అతని జట్టు పోర్ట్‌లాండ్ వాళ్లు మిల్వాకీకి పంపేశారు (అది మాత్రం భలే నచ్చింది నాకు). ట్రేడ్ కావాలని బహిరంగంగా అడగడం రూల్స్‌కి విరుద్ధమే, కానీ 2019లో ఆంథొనీ డేవిస్‌కి పడిన జరిమానా 50 వేల డాలర్లు, కోట్లు తీసుకునేవాడికి అదో లెక్కా!

నా డౌటల్లా ఒక్కటే. జట్టు ‘కుదరదు, సంతకం పెట్టావుగా, ఆడు’ అని భీష్మించుకుంటే ఆటగాడి చేతిలో ఏముంటుంది? ఆడనంటే జీతం కోస్తారా, లేక నడుం నొప్పి అని బెంచీ మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అనలేరా? నిజంగా అలా మొండికేసి గెలిచిన జట్టు ఏదైనా ఉందా?